బూజు సూది

ఈ మధ్య జనగామలో నర్సింగ్ చదువుతున్న పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. సేవాభావం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. చెబుతూ ఉంటే వెనక వరుసలో ఒకమ్మాయి లేచి నిలబడింది.

"మేడం, మా చెల్లెకు కీళ్ల జ్వరమొచ్చి గుండె పాడైంది. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఎయ్యాల్నట. ఏ దవాఖానకు పోయినా రియాక్షన్ అయితది, మేం ఎయ్యం అంటున్నరు. రేపు మేం నర్సులమైనంక మేం గూడ గట్లనే అనాల్నా?"

నేను నోరు తెరిచేలోపే నిర్వాహకులు వచ్చి "టైమైపోయింది మేడం" అంటూ శాలువా కప్పేశారు. శాలువా కప్పితే నోరు మూతపడుతుందని వాళ్ల నమ్మకం కాబోలు. నాకు మూతపడలేదు. ఆ అమ్మాయికి అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. అనకూడదు తల్లీ. ఆ సూది వెయ్యాలి. వెయ్యనివ్వకపోతే పోట్లాడి వెయ్యాలి.

నాది తరిగొప్పుల దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఉద్యోగం మొదలుపెట్టింది టేకుమట్ల వైపు ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో. ఆ తర్వాత నా బదిలీలన్నీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఈ మూడింటి చుట్టూనే తిరిగాయి. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన దవాఖాన ఏ ఊళ్లోదో చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. అందులో ఒకాయన మీద నాకు ఇంకా కోపం ఉంది. పేరు లేకుండా అయితేనే ఉన్నదున్నట్టు రాయగలను.

అప్పట్లో నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సును. వార్డు డాక్టరు మంచి చదువరి, కోస్తా వైపు నుంచి వచ్చిన చిన్న వయసు ఆవిడ. "ఏమండీ, కాస్త ఇలా రండి" అని ఆమె పిలిస్తే తండాల నుంచి వచ్చిన ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసేవాళ్లు, ఇంకెవరినో పిలిచిందనుకుని. "గామె మాట సినిమాలున్నట్టు ఉంటది" అని ముసిముసిగా నవ్వేవాళ్లు. ఇన్నేళ్లూ సినిమాల్లో మన మాటను చూసి వాళ్లు నవ్వారు కదా, కాస్త బాకీ తీరనీ అని నేనూ ఊరుకునేదాన్ని.

ఒక వానాకాలం ఆ వార్డుకు లంబాడీ తండా నుంచి ఒక పిల్లను తీసుకొచ్చారు. ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. తీసుకొచ్చింది నాయనమ్మ. పిల్ల తల్లిదండ్రులు మిరపకాయ కోతలకనీ, ఇటుక బట్టీలకనీ ఏడాదిలో సగం రోజులు వలసలోనే ఉంటారు. పిల్లకు ముందు మోకాలు వాచిందట. అది తగ్గుతుంటే చీలమండ, అది తగ్గుతుంటే మోచెయ్యి. వాపు ఇల్లు మారినట్టు ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతూ పోయింది. దిష్టి తీశారు, కట్లు కట్టించారు, ఎవరో నొప్పి మాత్రలిచ్చారు. డాక్టరమ్మ కీళ్లను చూడనే లేదు. గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. నన్నూ వినమంది. ప్రతి దెబ్బ వెనకా గాలి ఈలవేసినట్టు ఒక చప్పుడు.

"గొంతునొప్పి వచ్చిందా అమ్మా, కొన్ని వారాల కింద?" అని అడిగింది.

వచ్చింది. గొంతునొప్పికి ఎవరు దవాఖానకు వస్తారు? అదే కొంప ముంచింది. గొంతులో చేరిన క్రిమితో ఒళ్లు యుద్ధం చేస్తూ చేస్తూ, శత్రువెవరో చుట్టమెవరో తెలియక తన కీళ్ల మీదా, తన గుండె కవాటాల మీదా తనే పడుతుంది. కీళ్లు బాగవుతాయి. కవాటాలు కావు. మళ్లీ గొంతునొప్పి వచ్చిందంటే మళ్లీ దెబ్బ. అందుకే ఆ క్రిమి గొంతులో అడుగుపెట్టకుండా ఏళ్ల తరబడి, మూడు వారాలకొకసారి, పెన్సిలిన్ సూది.

ఆ సూది సంగతి వేసినవాళ్లకే తెలుసు. తెల్లటి పొడిలో నీళ్లు కలిపితే చిక్కటి పాలలా అవుతుంది. ఆలస్యం చేస్తే సూదిలోనే గడ్డకట్టి అడ్డం పడుతుంది. తొందరపడితే పిల్లలు పెట్టే కేకకు వార్డంతా ఉలిక్కిపడుతుంది. కండలోకి లోతుగా, ఓపిగ్గా, మెల్లగా తొయ్యాలి. వేసిన కాలు రెండు రోజులు కుంటుతుంది.

మొదటిసారి వేశాక పిల్ల ఏడుపు ఆపి వెక్కుతుంటే నాయనమ్మ నన్ను అడిగింది.

"గింత నొప్పి లేపే మందు దేంతోటి చేస్తరు సిస్టరమ్మా?"

అడిగినదానికి ఉన్న జవాబు చెప్పడం నాకు అలవాటు. "బూజుతోటి అవ్వా" అన్నాను.

"బూజా? రొట్టె మీద పట్టేదా?"

"దాని అసోంటిదే. బత్తాయిపండు కుళ్లితే మీద పచ్చగ పొడి పడతది చూడు, దానికి దగ్గరి చుట్టం. గా బూజు తన పక్కకు క్రిములను రానియ్యకుంట ఒక రసం వదుల్తది. గా రసమే గీ మందు. ఇప్పుడు పెద్దపెద్ద డేగిశాలల్ల పెంచి తీస్తరు."

ఆమె "మరి పుట్టకొక్కులు?" అంది. తొలకరి వానలకు చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులను మా వైపు అలాగే అంటాం.

"అవి గూడ గదే కులం. అవి కండ్లకు కనబడ్తయ్, ఇవి కనబడయ్. గంతే తేడా."

ఆమెకు ఈ మాట నచ్చింది. తండాకు పోయి చెప్పినట్టుంది. ఆమె నోట్లోంచి ఎలా బయల్దేరిందో కానీ, మాకు తిరిగొచ్చేసరికి అది "సర్కారు దవాఖానల పిల్లలకు కుళ్లిపోయిన బూజు ఎక్కిస్తున్నరు" అయింది. ఇద్దరు తల్లులు మంచాల మీది నుంచి పిల్లలను లేపుకుని పోయారు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఏమండీ సిస్టర్, బూజని చెప్పారా? యాంటీబయాటిక్ అంటే సరిపోయేది కదా."

"బూజే కదా మేడం. అబద్ధం చెప్పమంటారా?"

"అబద్ధం వద్దు. అంత నిజం అవసరమా అని."

అవసరమే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. మీ ఇంట్లో కొలెస్ట్రాల్‌కు మింగే మాత్రల మూలం బూజే. కిడ్నీ మార్పించుకున్నవాళ్లను కాపాడిన మందు ఒకటి మట్టిలోని బూజు నుంచి తీసిందే. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే వేసే సూదుల్లో ఒకటి గింజలకు పట్టే బూజు తెగులులో దొరికింది. ఇవన్నీ ఎన్ని కళ్లు చూసి, ఎన్ని చేతులు పరీక్షించి మన దాకా వచ్చిన మందులో! వీటికి భయపడతారు. అదే ఫోన్లో ఎవడో వచ్చి 'మా పుట్టగొడుగుల పొడి నీళ్లలో కలుపుకుని తాగండి, షుగరు నుంచి క్యాన్సరు దాకా అన్నీ పోతాయి' అంటే చదువుకున్నవాళ్లు కూడా డబ్బాలు డబ్బాలు తెప్పించుకుంటారు. నిరూపణ లేనిదాని మీద అంత ధైర్యం, నిరూపణ అయినదాని మీద ఇంత భయం. ఇదెక్కడి లెక్కో నాకు ఉద్యోగం చేసినన్నాళ్లూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు.

నాయనమ్మ మాత్రం మళ్లీ వచ్చింది. "మా తండల అడిగిన్రు, బూజు ఎక్కిస్తున్నరట గదా అని. ఎక్కిస్తే ఎక్కిస్తున్నరు తియ్, పిల్ల ఉరుకుతున్నది గదా అన్న" అంది. పిల్ల నిజంగానే వరండాలో ఉరుకుతోంది. ఆ తర్వాత ఒక్క సూది కూడా తప్పకుండా తెచ్చింది. బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఆటో. పోయిన ఇద్దరు తల్లుల్లో ఒకామె ఈ పిల్లను చూసే తిరిగొచ్చింది.

అలా ఏడాదికి పైగా నడిచింది. అప్పుడు డాక్టరమ్మ కాన్పు సెలవు మీద వెళ్లింది. ఆమె లేని ఆ రోజుల్లోనే వేరే పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో పెన్సిలిన్ సూది వేయించుకున్న మనిషి అక్కడే కుప్పకూలి చనిపోయాడు. బంధువులు క్లినిక్కును పగలగొట్టారు, డాక్టరును కొట్టారు. ఆ డాక్టరు మా సూపరింటెండెంటుకు చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు. ఈయన వెళ్లి చూసొచ్చాడు. తలకు కట్టు, చేతికి పిండికట్టు. చూసొచ్చిన మర్నాడు పొద్దున్నే వార్డులన్నీ తిరిగి నోటిమాటగా చెప్పాడు.

"ఇగ మన దగ్గర పెన్సిలిన్ సూది బంద్. స్టాకు వాపస్ పంపున్రి. అవసరమున్నోల్లకు మాత్రలియ్యిన్రి."

ఆయన చెడ్డవాడని నేను అనను. మంచి సర్జను. ఆయన చేతిలో బతికినవాళ్లను నేను చూశాను. ఆ సూదికి ఎప్పుడో ఒకరికి ప్రాణం మీదికి వస్తుందన్నదీ నిజమే. కానీ అందుకే కదా ముందు చర్మం కింద కొంచెం వేసి చూస్తాం, అందుకే కదా రియాక్షనుకు విరుగుడుగా పక్కన అడ్రినలిన్ పెట్టుకుంటాం, వేశాక అరగంట కూర్చోబెడతాం. అదే చెప్పాను.

"సార్, మాత్రలంటే పొద్దున మాపున ఏండ్ల తరబడి మింగాలె. గీ పిల్లల అమ్మానాయినలు వలస పోతరు. ఎవలు గుర్తు పెట్టుకోని మింగిస్తరు? అయిపోతే ఎవలు తెస్తరు?"

"గది వాళ్ల బాధ్యత సిస్టర్. రేపు వాళ్లొచ్చి నీ మీద పడితే నేను అడ్డం రాను."

"నేను మిమ్ముల అడ్డం రమ్మంట లేను సార్. సూది ఎయ్యనియ్యుమంటున్న."

"చెప్పింది చెయ్యి."

ఆ వారం వచ్చిన పిల్లలందరికీ మాత్రల పొట్లాలు ఇచ్చి పంపాను. డాక్టరు రాయకుండా నర్సు సూది వెయ్యలేదు, వెయ్యకూడదు కూడా. మీ తప్పేమైనా ఉందా అని నన్ను ఎవరైనా అడగాలనుకుంటే, లేదు. ఉన్నదల్లా కోపం.

నాయనమ్మ ఆ పొట్లం చేతిలో పెట్టుకుని అనుమానంగా చూసింది. "గిది గూడ బూజేనా?"

"గదే అవ్వా. కని మరువకుంట మింగియ్యాలె."

"నేను మరువ సిస్టరమ్మా. కని మిరప కోతకు పొయ్యేటప్పుడు పిల్లను వాళ్లు తీస్కపోతరు. నాకు కండ్లు సరిగ కనబడ్తలేవు, పిల్లను నా దగ్గర ఇడువరు."

మిరప కోతకు పోయారు. అక్కడ మాత్రలు అయిపోయాయి. ఆ ఊళ్లో అడిగితే మందుల దుకాణం అతను వేరేవేవో ఇచ్చాడట. నాలుగైదు నెలలకు ఎండలు ముదురుతుండగా తండ్రి పిల్లను భుజం మీద వేసుకుని దవాఖానకు వచ్చాడు. పిల్ల పడుకోలేకపోతోంది. పడుకుంటే ఊపిరాడదు. పాదాలు వాచాయి. మళ్లీ కీళ్లు, మళ్లీ జ్వరం. ఆ ఈల ఇప్పుడు గొట్టం పెట్టకుండానే చేతికి తగులుతోంది, ఎదురురొమ్ము మీద అరచెయ్యి ఆనిస్తే పిల్లి గురకలా.

డాక్టరమ్మ సెలవు నుంచి వచ్చి వారం కూడా కాలేదు. పిల్లను చూసి నా వైపు తిరిగింది. "సూదులు ఎందుకు ఆగాయండీ?"

చెప్పాను. ఆమె పిల్లకు ఆక్సిజన్ పెట్టి, నీరు లాగే మందు వేసి, రెండు వారాలు కళ్లలో వత్తులు వేసుకుని చూసింది. తన పసిబిడ్డను ఇంటి దగ్గర అమ్మకు వదిలేసి వచ్చేది. మధ్యాహ్నాలు పాల బాధకు జాకెట్టు తడిసిపోతుంటే తెల్లకోటు బొత్తాలు పెట్టుకుని తిరిగేది. పిల్ల జ్వరం దిగింది, వాపులు తీశాయి. మంచం మీద కూర్చుని గంజి తాగింది. మర్నాడు పొద్దున డాక్టరమ్మ కేసు షీటు మీద పెన్సిలిన్ సూది రాసింది. కింద పేరు, సంతకం అంత పెద్దగా పెట్టడం నేను ముందెప్పుడూ చూడలేదు.

"మందు ఉందా అండీ?" అంది.

స్టాకు వెనక్కి పంపమన్నారు కదా. నేను మందుల గదికి వెళ్లాను. అక్కడి ఫార్మసిస్టు టౌనువాడే, మేమంతా భాయ్ అనేవాళ్లం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. దేనికీ తొందరపడని మనిషి. ఆయన బీరువాలో చెయ్యి పెట్టి ఒక డబ్బా తీశాడు.

"వాపస్ పంపలేదా భాయ్?"

"పంపాలె సిస్టర్. పంపుదామనే ఉన్న. గాడి వస్తే పంపుత. గాడి రాలే."

"ఇన్ని నెలల్ల ఒక్క గాడి రాలేదా?"

"వచ్చింది. గాడి వచ్చినప్పుడు నేను నమాజుకు పోయి ఉన్న. నేను వచ్చేసరికి గాడి పోయింది. ఏం జేద్దాం, అల్లా మర్జీ." ఆయన మొహంలో నవ్వు లేదు. డబ్బా నా చేతిలో పెట్టి, "తారీఖు ఉన్నది, చూసుకున్న. ఎయ్యి పో. ఎవలన్న అడిగితే నేనే ఇచ్చిన అని చెప్పు" అన్నాడు.

వార్డులో ముందు పరీక్ష డోసు వేశాం. ఎదురుచూస్తున్నాం. అడ్రినలిన్ తీసి పెట్టుకున్నాను. సిలిండరు మంచం పక్కన ఉంది. ఎవరు చెప్పారో, సూపరింటెండెంటు వచ్చాడు.

"ఎవలు ఎయ్యమన్నరు?"

"నేనండీ" అంది డాక్టరమ్మ. "రాశాను."

"వద్దని చెప్పిన గదా."

"నాకు చెప్పలేదండీ. నేను సెలవులో ఉన్నాను. ఇప్పుడు చెబుతున్నారంటే, ఎందుకు వద్దో రాసి ఇవ్వండి. ఫైలులో పెడతాను."

ఆయన రాయలేదు. నా వైపు తిరిగాడు. "సిస్టర్, నీకు చెప్పిన. ఏమన్న అయితే ఏం జేస్తవ్?"

"ఎయ్యకపోతే ఏమయిందో గా మంచం మీద ఉన్నది సార్" అన్నాను. "మీ దోస్తుకు తాకిన దెబ్బలు అందరికి కనబడ్డయ్. గీ పిల్ల గుండెకు తాకిన దెబ్బ ఎవలకు కనబడది, అందుకే ఎవలొచ్చి మన అద్దాలు పలుగగొట్టరు. గంతే కదా సార్ తేడా? చెయ్యి పెట్టి చూడున్రి."

ఒక సూపరింటెండెంటుతో నర్సు అలా మాట్లాడటం అక్కడ ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. ఆయన మొహం ఎర్రబడింది. నాతో పని లేదన్నట్టు, పిల్లను చూసుకోవడానికి తండా నుంచి వచ్చి ఉన్న నాయనమ్మ వైపు, తండ్రి వైపు తిరిగాడు.

"ఇనున్రి. గీ సూది పడకపోతే మనిషి చచ్చిపోతడు. తెలుసా మీకు? ఒప్పుకుంటున్రా?"

తండ్రి బెదిరిపోయి నాయనమ్మ వైపు చూశాడు. ఆమె సూపరింటెండెంటును అడిగింది, "అందరు చస్తరా సారూ?"

"అందరు గాదు. ఎప్పుడో ఒక్కరు."

"ఎయ్యకపోతే?"

డాక్టరమ్మ చెప్పింది. "మళ్లీ ఇలాగే వస్తుందమ్మా. ఈసారి తట్టుకోలేకపోవచ్చు."

నాయనమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది. "మా తండల పుట్టకొక్కు తిని సచ్చినోల్లు ఉన్నరు. అయినా వాన పడంగనే పోయి ఏరుకొస్తం. ఏరేటోల్లకు ఎరుక ఉండాలె, గంతే. నీకు ఎరుక ఉన్నదా సిస్టరమ్మా?"

"ఉన్నదవ్వా."

"ఏమన్న అయితే ఏం జెయ్యాల్నో గూడ ఎరుకనా?"

"ఎరుకనే. గిదిగో, గందుకే గీ సూది తీసి పెట్టుకున్న. గీమె ఉన్నది, నేనున్న."

"మరి ఎయ్యి."

పరీక్ష వేసిన చోట దద్దు లేదు, ఎరుపు లేదు. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి సూది వేశాను. నా జీవితంలో అంత మెల్లగా ఎప్పుడూ వెయ్యలేదు. సూపరింటెండెంటు వెళ్లిపోతాడనుకున్నాను. మంచం కాళ్ల దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్ల కేక పెట్టలేదు. దిండు కొరికింది. అయిపోయాక తడి దూదితో అదుముతుంటే, ఎందుకో గబుక్కున లేచి కూర్చుంది.

కూర్చున్నది కూర్చున్నట్టే తెల్లబడిపోయింది. పెదాలు సున్నం పూసినట్టయ్యాయి. కళ్లు పైకి పోయి నా చేతుల మీదికి ఒరిగింది.

తండ్రి అరిచాడు. పక్క మంచాల వాళ్లు లేచి వచ్చారు. ఆయా బయటికి ఉరికింది. సూపరింటెండెంటు "రియాక్షన్! అడ్రినలిన్ ఎయ్యి, ఎయ్యి!" అని ట్రే మీదికి తనే చెయ్యి చాపాడు.

"ఆగండి సార్!" డాక్టరమ్మ అప్పటికే పిల్ల మణికట్టు పట్టుకుని ఉంది. "నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. రియాక్షన్ అయితే ఉరకాలి. సిస్టర్, పడుకోబెట్టండి, కాళ్లు ఎత్తండి."

కాళ్లు నా భుజం మీదికి ఎత్తి పట్టుకున్నాను. పిల్ల కాళ్లు ఎంత తేలికగా ఉన్నాయో ఇప్పటికీ నా భుజానికి గుర్తే. డాక్టరమ్మ ఒళ్లంతా చూసింది, దద్దుర్లు లేవు. ఊపిరితిత్తులు విన్నది, పిల్లికూతలు లేవు. బీపీ చూసింది. ఒక చెయ్యి మాత్రం మణికట్టును వదలలేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే ధైర్యం చెదురుతుందని నాకు తెలుసు, ఆమెకూ తెలిసే ఉంటుంది.

పెదాలకు రంగు వచ్చింది. పిల్ల కళ్లు తెరిచి, తన కాళ్లు నా భుజం మీద ఎందుకున్నాయో అర్థం కాక నాయనమ్మను వాళ్ల భాషలో ఏదో అడిగింది. ముసలామె గట్టిగా ఊపిరి వదిలి, పిల్ల చెంప మీద చిన్నగా ఒకటి వేసింది.

"సూది అని భయపడి పొద్దుగాల్నుంచి ఏం తినలే సిస్టరమ్మా. గంజి తాగుమంటే మంచం కింద పారబోసింది. నేనిప్పుడే చూసిన."

భయానికి, ఆకలికి, నొప్పికి సొమ్మసిల్లింది. అంతే. అరగంట కాదు, ఆ రోజు మధ్యాహ్నం దాకా పక్కనే కూర్చున్నాం. ఏమీ కాలేదు. సూపరింటెండెంటు స్టూలు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి "ఇగ నా కండ్ల ముందట ఎయ్యకున్రి" అని వెళ్లిపోయాడు. అది వద్దనడమో, వెయ్యండనడమో మేం తేల్చుకోలేదు. మాకు కావలసినట్టు అర్థం చేసుకున్నాం.

ఆ తర్వాత పిల్లల వార్డులో బేస్తవారం పెన్సిలిన్ రోజైంది. వేరే చోట్ల 'వెయ్యం' అనిపించుకున్నవాళ్లంతా మా దగ్గరికి వచ్చారు. భూపాలపల్లి గని బస్తీల నుంచి, జనగామ పల్లెల నుంచి, ఇటు తండాల నుంచి. పిల్లలు దాన్ని 'బూజు దినం' అన్నారు. ఎవరూ భయపడి పారిపోలేదు. మందు దేంతో చేస్తారో తెలిసినందుకు నొప్పేమీ తగ్గలేదు కానీ, ఏడుస్తూనైనా చెయ్యి చూపించి "టెస్టు ఎయ్యలే సిస్టర్, ముందు గది ఎయ్యి" అని నాకే గుర్తు చేసేవాళ్లు. ఏమీ తినకుండా వచ్చినవాళ్లకు సూది లేదని గట్టిగా చెప్పాం. అయినా ఎవరో ఒకరు తినకుండా వచ్చేవాళ్లు. భాయ్ వాళ్లకోసం బిస్కెట్లు పెట్టి, తిన్నాకే మందు ఇచ్చేవాడు.

ఒకసారి ఒక పిల్లవాడికి పరీక్ష డోసు దగ్గరే దద్దుర్లు లేచాయి. సూది వెయ్యలేదు. వాడికి వేరే మందు మాత్రలు ఇచ్చి, వాడి అమ్మానాన్నలను కూర్చోబెట్టి చెప్పాం. పడనివాళ్లను ఏరి పక్కన పెట్టడమే మన పని. ఒకరికి పడదని పడేవాళ్లందరి నోటి దగ్గరి మందు లాక్కోవడం కాదు.

సూపరింటెండెంటు బదిలీ అయి వెళ్లిన చాలా రోజులకు నాకు ఫోన్ చేశాడు. వాళ్లన్న మనవరాలికి కీళ్ల జ్వరమట, గుండె కొంచెం తగిలిందట. వాళ్లుండే చోట ఎవరూ సూది వెయ్యనంటున్నారట. "నువ్వే ఎయ్యాలె సిస్టర్" అన్నాడు. నాకు చాలా మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి. పిల్ల ఏం పాపం చేసిందని మింగేశాను. "బేస్తవారం పంపున్రి సార్. కడుపునిండ తినిపిచ్చి పంపున్రి" అన్నాను. నేను రిటైరయ్యేదాకా ఆ పిల్లకూ నేనే వేశాను. అయినా ఆయన మీద కోపం పోలేదు. ఎందుకంటే తండా పిల్లకు ఆ ఎండాకాలం పాడైన కవాటం ఎన్ని సూదులు వేసినా మళ్లీ ముందులా కాలేదు. కొన్నేళ్లకు హైదరాబాదులో ఆపరేషన్ చేసి కవాటాన్ని బాగుచేయాల్సి వచ్చింది. రొమ్ము మీద నిలువునా గాటు. ఆ గాటు పడకుండా ఉండేదని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కానీ నాకు అనిపిస్తుంది. అనిపించడం మానుకోను.

నాయనమ్మ పోయింది. భాయ్ కూడా పోయాడు. డాక్టరమ్మ పెద్ద ఉద్యోగంలో ఉంది. ఇప్పుడు ఆమె మాటల్లో మధ్యమధ్య "జర ఆగున్రి" అని దొర్లుతుంది, ఆమెకు తెలియకుండానే.

ఆ తండా పిల్ల ఇప్పుడు మహబూబాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది. సూది ఇంకా నడుస్తోంది, బతికినంతకాలం నడవాలి. ఈ మధ్య ఒక పొద్దున ఫోన్ చేసింది. తను ఎప్పుడూ వేయించుకునే చోట నర్సు మారిందట. కొత్తామె చీటీ చూసి, వెయ్యనంది.

"నేనస్త ఉండు" అన్నాను. చెప్పులు వేసుకోబోయాను కూడా.

"ఒద్దు సిస్టర్, మీరు రాకున్రి. మీ కాళ్లు మొదలే బాగ లేవు. నేనే కూసున్న. టెస్టు ఎయ్యుమన్న, అడ్రినలిన్ పక్కకు పెట్టుకోమన్న, అరగంట గీడనే కూసుంట అన్న. ఆమెకు భయం అయితున్నదట. భయం అయితే డాక్టరును పక్కకు నిలబెట్టుకోని ఎయ్యి అన్న. ఎయ్యకుంట మాత్రం నేను గీ కుర్సీలకెళ్లి లేవ."

తిన్నావా అని మాత్రం అడిగాను. తిన్నానంది.

మధ్యాహ్నం దాటాక మళ్లీ ఫోన్ మోగింది. వెనక బస్సుల చప్పుడు.

"ఎయ్యిచ్చుకున్న సిస్టర్. కుంటుకుంట దుకాణానికి పోతున్న."